పొలంబడి పుట్టింది జావా వరి మళ్లలో

పొలంబడి అనే మాట వినని రైతు మనలో ఉండడు. గట్టు మీద బ్యానర్, రిజిస్టర్లో సంతకం, టీ, ఫోటో. కానీ అన్నా, ఇలాంటి బడి మొదట ఎక్కడ పుట్టిందో తెలుసా? ఇండోనేసియాలో, జావా దీవిలో. పుట్టించింది మనకు బాగా తెలిసిన శత్రువే, సుడిదోమ.

1970ల్లో అక్కడి సర్కారు కొత్త వంగడాలిచ్చింది, ఎరువులిచ్చింది, పురుగుమందుల ఖర్చులో పెద్ద వాటా తనే భరించింది. అంత చౌకగా వస్తుంటే ఎవరు కొట్టరు చెప్పండి! 1984లో బియ్యానికి ఇక బయటి దేశాల వైపు చూడక్కర్లేదనుకున్నారు. రెండేళ్లలోపే దోమ విరుచుకుపడి మళ్లకు మళ్లు సుడులు సుడులుగా ఎండిపోయాయి. కొట్టేకొద్దీ పెరిగింది. ఎందుకంటే మందుకు ముందు చచ్చేవి సాలీళ్లు. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి, పిల్లలు బయటికొచ్చేసరికి వాటిని తినేవి మడిలో మిగలవు. 1986 నవంబరులో సర్కారు వరి మీద 57 మందులు నిషేధించింది. 1989 నాటికి సబ్సిడీ కూడా ఎత్తేసింది.

నిషేధం సరే, రైతుకు నమ్మకం ఎలా కుదురుతుంది? నిన్నటిదాకా కొట్టమని చెప్పింది వాళ్లే కదా! అందుకని 1989లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, మడి గట్టునే బడి పెట్టారు. సుమారు 25 మంది, వారానికో పూట, పంటకాలమంతా. ఐదుగురు చొప్పున మడిలోకి దిగి దుబ్బు దుబ్బు చూడాలి. దోమలెన్ని, సాలీళ్లెన్ని లెక్కపెట్టి పెద్ద కాగితం మీద రంగులతో బొమ్మ గీయాలి. చదువు రానివాళ్లకూ ఇబ్బంది లేదు. ఆ బొమ్మ చూపించి, ఈ వారం మందు కావాలా వద్దా అని వాళ్లలో వాళ్లే వాదించుకోవాలి.

నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. రైతు ఒక పురుగు పట్టుకొచ్చి "ఇదేంటి సార్?" అంటే నేర్పేవాడు వెంటనే పేరు చెప్పేయకూడదు. "ఎక్కడ దొరికింది? అక్కడ ఏం చేస్తోంది?" అని తిరిగి అడగాలి. అప్పుడు రైతే వల కట్టిన దుబ్బులో దోమల్నీ సాలీడునీ కలిపి వదిలి, ఎవరు ఎవర్ని తింటున్నారో కళ్లారా చూసుకునేవాడు. పురుగు తిన్నట్టు ఆకులు తామే కత్తిరించి, దిగుబడి నిజంగా తగ్గుతుందో లేదో కూడా చూశారు. అలా నేర్చుకున్న రైతులే తర్వాత పక్క ఊళ్లలో బడులు నడిపారు. ఆ పద్ధతి ఇప్పుడు 90కి పైగా దేశాలకు పాకింది.

రెండేళ్ల కింద నేను వెళ్లిన పొలంబడిలో ఒక్కరూ మడిలోకి దిగలేదు. చెట్టుకింద కుర్చీలేసి గంటసేపు మందుల పేర్లు చదివారు. తప్పు ఆయనొక్కడిదే అనను. "ఏది కొట్టాలో చెప్పండి సార్" అని అడిగింది మనమే, నాతో సహా.

ఈ వానాకాలం ఐదుగురం కలిసి ప్రతి బుధవారం పొద్దున్నే నా మడిలోకి దిగుదామనుకుంటున్నాం. చార్టులు, రంగు పెన్సిళ్లు నేనే తెస్తా. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వస్తామంటే కింద రాయండి.