ఏడుగురి నెత్తుటి గురుతు.. తెనాలి రణరంగ చౌక్

తెనాలిలో దారి అడిగిన వారికి తరచూ వినిపించే పేరు రణరంగ చౌక్. ఏడు స్మారక స్తూపాలు, భారతమాత విగ్రహంతో అలరారే ఈ కూడలికి ఆ పేరు ఊరకే రాలేదు. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు తూటాలకు ఏడుగురు నేలకొరిగారు. వారి స్మృత్యర్థం ఈ కట్టడం వెలసింది. చౌక్ పేరు అందరి నోటా నానుతున్నా అమరుల పేర్లు మాత్రం అంతగా ప్రచారంలో లేవు. వారు భాస్కరుని లక్ష్మీనారాయణ, మాజేటి సుబ్బారావు, శ్రీగిరి లింగం, తమ్మినేని సుబ్బారెడ్డి, గాలి రామకోటయ్య, ప్రయాగ రాఘవయ్య, జాస్తి అప్పయ్య.

నాలుగు రోజుల్లోనే..

1942 ఆగస్టు 8న బొంబాయిలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ క్విట్ ఇండియా తీర్మానాన్ని ఆమోదించింది. మరునాడు తెల్లవారేసరికి గాంధీజీ, నెహ్రూ, పటేల్ సహా అగ్రనేతలందరూ నిర్బంధానికి గురయ్యారు. ఆ వార్త దావానలంలా వ్యాపించింది. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికే కళా వెంకటరావు రూపొందించిన రహస్య సర్క్యులర్ జిల్లా కాంగ్రెస్ సంఘాలకు చేరి ఉంది. తంతి తీగల తెగ్గోత వంటి కార్యక్రమాలు అందులో ఉన్నాయి. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం కాంగ్రెస్‌పై వెలువరించిన అభియోగ పత్రంలో ఈ 'ఆంధ్ర సర్క్యులర్'నే ప్రముఖంగా ఉటంకించింది.

ఆగస్టు 12న తెనాలిలో హర్తాళ్ జరిగింది. ఉద్రిక్తులైన జనం రైల్వేస్టేషన్‌పైకి వెళ్లి నిప్పు పెట్టారు. ఆందోళనకారుల గురి స్టేషన్‌పై పడటానికి కారణం లేకపోలేదు. మద్రాసు-కలకత్తా ప్రధాన మార్గంలో ఉన్న తెనాలి నుంచి గుంటూరుకు, రేపల్లెకు కూడా రైలు మార్గాలు చీలుతాయి. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం సాగుతోంది. విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు బాంబులు కురిపించి అప్పటికి నాలుగు నెలలే అయింది. ఇటువంటి వేళ తూర్పు కోస్తాలో రైళ్లు ఆగడాన్ని సర్కారు సహించలేదు. పోలీసులు కాల్పులకు దిగారు. ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. కాల్పులతో సరిపెట్టక పట్టణ ప్రజలపై సామూహిక జరిమానా కూడా విధించారు. నేరం చేసిన వారూ చేయనివారూ అన్న విచక్షణ లేకుండా అందరి నుంచీ వసూలు చేసే శిక్ష అది.

ప్రముఖుల ఊరిలో సామాన్యులకు పీఠం

'ఆంధ్రా ప్యారిస్'గా పేరొందిన తెనాలికి ప్రముఖుల కొరత ఎన్నడూ లేదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి ఇక్కడి పురపాలక సంఘానికి అధ్యక్షత వహించారు. ఆయన నివాసం 'సూతాశ్రమం' ఈ పట్టణంలోనిదే. కథకుడు కొడవటిగంటి కుటుంబరావు ఇక్కడే జన్మించారు. విజయా సంస్థ నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది పట్టణంలోని ఐతానగర్. విగ్రహాల తయారీలోనూ తెనాలి శిల్పులది అందె వేసిన చెయ్యి. నేతల విగ్రహాలకు వారికి ఎక్కడెక్కడి నుంచో పిలుపు వస్తుంది. ఇటీవలి కాలంలో ఇనుప తుక్కుతోనూ నిలువెత్తు రూపాలు మలుస్తున్నారు.

ఇంతమంది ఘనులున్న ఊరిలో ప్రధాన కూడలి మాత్రం ఏ కవికీ, ఏ నటునికీ దక్కలేదు. గ్రంథాలు రాయని, పదవులు చేపట్టని ఏడుగురికి దక్కింది. వారి సంగతులేవీ తెలుగు పాఠకుల ఎరుకలో పెద్దగా లేవు. చాలామందికి వారు ఒక తేదీగానే మిగిలారు. తెనాలి ప్రముఖుల జాబితాలు కూర్చేవారు సైతం కళాకారులతో మొదలుపెట్టి వారితోనే ముగించడం పరిపాటి. కూడలిలో ఉన్న ఏడు పేర్లు ఆ జాబితాలకు ఎక్కకపోవడం విచారకరం.

ఏటా ఆగస్టు 12న స్తూపాల వద్ద పూలమాలలు వేసి నివాళులు అర్పించడం ఆనవాయితీ. మూడు రోజులకే స్వాతంత్ర్య దినోత్సవం వస్తుంది.