కృష్ణా జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ: పోటీ, నియంత్రణ, విచారణ

1939 నాటి మోటారు వాహనాల చట్టం బస్సు రవాణాను పర్మిట్ల పరిధిలోకి తెచ్చింది. బస్సుల పోటీ నుండి రైల్వేలను కాపాడటం దాని లక్ష్యాల్లో ఒకటి. 1956 నాటి సవరణ మరింత ముందుకు సాగి, ఆమోదిత పథకం ద్వారా ప్రైవేటు యజమానులను మార్గాల నుండి పూర్తిగా తొలగించే వీలు ప్రభుత్వ రవాణా సంస్థలకు కల్పించింది.

ఈ అధికారానికి కృష్ణా జిల్లాలో పరీక్ష ఎదురైంది. ఏళ్ల తరబడి అక్కడ బస్సులు నడిపిన యజమానులు జాతీయీకరణ పథకంపై అభ్యంతరాలు తెలిపారు. వాటిని రవాణా శాఖ కార్యదర్శి విన్నారు. నిర్ణయం మాత్రం ఆ శాఖను చూస్తున్న ముఖ్యమంత్రి ప్రకటించారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు 1958లో ఆ ఆమోదాన్ని రద్దు చేసింది. వినేవారొకరు, తేల్చేవారొకరు అయితే విచారణ నామమాత్రమే అవుతుందన్నది తీర్పు సారాంశం. పైగా శాఖాధిపతియైన కార్యదర్శి వివాదంలో ఒక పక్షమేనని ధర్మాసనం భావించింది. అనంతరం ముఖ్యమంత్రి స్వయంగా విచారించి పథకాన్ని ఆమోదించగా, 1959లో అదే న్యాయస్థానం దానిని సమర్థించింది.

కనుక యజమానులకు దక్కినది సక్రమ విచారణే తప్ప మార్గాలు కావు. పోటీ మేలా, నియంత్రణ మేలా అన్న ఎంపిక శాసనకర్తలకే మిగిలింది. 1988 చట్టం పర్మిట్ల మంజూరును సరళీకరించినా, జాతీయీకరణ పథకాల అధ్యాయాన్ని నిలిపే ఉంచింది. నియంత్రించే ప్రభుత్వమే పోటీదారు కూడా అయినప్పుడు నిష్పాక్షికత ఎలా అన్న ప్రశ్న అందువల్లనే నేటికీ సజీవం.