తుప్పుకు దొరికిన పని

1980ల మధ్యలో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో గ్లెన్ రేనాల్డ్స్ అనే పరిశోధక విద్యార్థికి పడిన పని చప్పగానే ఉండేది. భూగర్భజలం నమూనాలు తీసే బావుల్లో ఏ రకం గొట్టం వాడితే పరీక్ష ఫలితం చెడకుండా ఉంటుందో తేల్చాలి. క్లోరిన్, బ్రోమిన్ ఉన్న కర్బన రసాయనాలను నీళ్లలో కలపడం, అందులో ప్లాస్టిక్ ముక్కో లోహపు ముక్కో వేయడం, రసాయనం ఎంత మిగిలిందో కొలవడం. ప్లాస్టిక్కులు కొంత పీల్చుకున్నాయి. అది అనుకున్నదే. అయితే లోహాలు వేసిన చోట కూడా రసాయనం తగ్గిపోతూ వచ్చింది. లోహం పీల్చుకోదు కదా, మరి అదంతా ఎక్కడికి పోయినట్టు?

లోహంతో చర్య జరిగి రసాయనం విడిపోతోందని తేలింది. గొట్టాల కోణంలో చూస్తే దాని అర్థం ఒక్కటే: ఇలాంటి నమూనాలకు ఇనుము వాడొద్దు. అందుకే ఆ ఫలితం కొన్నేళ్లు అలాగే పడి ఉంది. ఆచార్యుడు రాబర్ట్ గిల్‌హామ్ మళ్లీ దాని మీదికి వచ్చేసరికి ప్రశ్న తిరగబడింది. నమూనాను పాడుచేసే ఇనుము, పాడైన నీటిని బాగుచేయగలదేమో!

అప్పటికి ఆ ప్రశ్న విలువ చాలా పెరిగింది. రసాయన వ్యర్థాలు పాతిన నేల మీద ఇళ్లు వెలిసిన లవ్ కెనాల్ ఉదంతం తర్వాత 1980లో అమెరికా ‘సూపర్‌ఫండ్’ చట్టం తెచ్చింది. విషం దిగిన నేలలను శుభ్రం చేయించే బాధ్యత ప్రభుత్వం మీద పడింది. ఎక్కడ తవ్వినా ఎదురయ్యే రసాయనాల్లో ట్రైక్లోరోఇథిలీన్ ఒకటి. యంత్ర భాగాలకు అంటిన గ్రీజు వదిలించడానికి కర్మాగారాలు, వైమానిక స్థావరాలు దశాబ్దాలపాటు వాడి పారబోసిన ద్రావకం అది. నీటికంటే బరువు కాబట్టి తేలదు, కిందికి దిగిపోతుంది. బంకమట్టి పొరల్లోకి చొరబడి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది.

దానికి అందరూ చేసిన వైద్యం బోరు వేసి నీళ్లు తోడి, పైన శుద్ధి చేయడం. జిడ్డు గుడ్డను చన్నీళ్లలో ముంచి తీసినట్టే ఉండేది వ్యవహారం. పంపు ఆపగానే నీటిలో విషం మళ్లీ పెరిగేది. 1994లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ పద్ధతి నడిచిన 77 చోట్ల లెక్కలు తీసింది. లక్ష్యం చేరామని చెప్పుకోగలిగినవి 8 మాత్రమే. కోట్ల డాలర్లు పోసిన పద్ధతి గురించి ఇలాంటి లెక్కను ప్రభుత్వానికి సలహా ఇచ్చే మండలే అచ్చువేయడం చిన్న విషయం కాదు.

ఇనుము చేసే పని వినడానికి తేలిక. తుప్పు పట్టేటప్పుడు ఇనుము ఎలక్ట్రాన్లను వదులుతుంది. ప్రాణవాయువు తక్కువగా ఉన్న భూగర్భజలంలో వాటిని ద్రావకం అందుకుంటుంది. దాంతో అందులోని క్లోరిన్ ఊడి, ఉప్పులో ఉండే క్లోరైడుగా నీటిలో కలిసిపోతుంది. ఇథిలీన్ వంటి వాయువులు మిగులుతాయి. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నీరు పారే దారికి అడ్డంగా ఇనుప రజను గోడ పెడితే చాలు, నీరే వచ్చి దాని గుండా పోతుంది.

1991లో ఒంటారియోలోని బోర్డెన్ సైనిక స్థావరంలో దీన్ని నేలలో పరీక్షించారు. ఇసుకలో 22 శాతం ఇనుప రజను కలిపి పూడ్చిన గోడ అది. ట్రైక్లోరోఇథిలీన్‌లో దాదాపు 90 శాతం విరిగిపోయింది. 1993లో గిల్‌హామ్‌కు పేటెంటు వచ్చింది.

అయితే లోహాలతో ఇలాంటి రసాయనాలను విరగ్గొట్టవచ్చన్న సంగతి పూర్తిగా కొత్తదేమీ కాదు. పురుగుమందుల్లోని క్లోరిన్‌ను లోహపు పొడితో తొలగించే పద్ధతికి స్వీనీ, ఫిషర్ అనే ఇద్దరు 1972లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. అది కాగితం మీద భద్రంగానే ఉంది. భూగర్భజలం గురించి బెంగపడేవాళ్లు ఆ కాగితం వైపు చూడలేదు, అంతే.

ఈసారి అలా జరగకపోవడానికి ఒక కారణం ఉంది. శుద్ధి పనులు చేయించే అమెరికా కేంద్ర శాఖలు 1990లో ఒక ఉమ్మడి వేదిక పెట్టుకున్నాయి. ఒక్కో చోట ఖర్చెంత, ఫలితమెంత అన్నది ఒకే తీరులో రాయాలని 1995లో ఆ వేదిక మార్గదర్శిని వెలువరించింది. మట్టి రకం, విషం గాఢత, శుద్ధి ఎన్నాళ్లు నడిచింది లాంటివన్నీ అందులో నింపాల్సిందే. చదవడానికి నీరసం పుట్టించే పత్రాలే, కానీ పక్క రాష్ట్రపు ఇంజనీరు తన నేలను వాటితో పోల్చి చూసుకోగలిగాడు.

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక పాత సెమీకండక్టర్ కర్మాగారం స్థలంలో తొలి వాణిజ్య గోడ లేచింది. అక్కడ అప్పటిదాకా నడిచింది తోడి శుద్ధి చేసే పద్ధతే. 1996 జూన్‌లో నార్త్ కరోలైనాలోని ఎలిజబెత్ సిటీలో తీర రక్షక దళం మరో గోడ కట్టించింది. 46 మీటర్ల పొడవు, 7 మీటర్లకు పైగా లోతు. క్రోమియం పూత పని జరిగిన పాత షెడ్డు కింద నుంచి ఆ లోహమూ, ద్రావకమూ రెండూ నదివైపు కదులుతున్నాయి. నేలను కోస్తూనే వెనక ఇనుము నింపుకుంటూ పోయే యంత్రంతో గోడ పని గంటల్లో ముగిసింది.

ఇనుము శాశ్వతం కాదని అందరికీ తెలుసు. సున్నపు శాతం ఎక్కువున్న నీరైతే రజను సందుల్లో పెచ్చులు కట్టి దారి మూసుకుపోతుంది. నీరు గోడను చుట్టి పోవచ్చు, కింద నుంచి జారిపోవచ్చు. అసలు గోడ పని తన దాకా వచ్చిన విషాన్ని పట్టడమే. మూలంలో పేరుకుని కూర్చున్నదాని జోలికి అది పోదు. అందుకే ఎలిజబెత్ సిటీ గోడ నుంచి పరిశోధకులు మళ్లీ మళ్లీ ఇనుము ముక్కలు తవ్వి తీసి, తుప్పు ఎంత లోతుకు దిగిందో చూస్తూ వచ్చారు. పదిహేనేళ్ల తర్వాత కూడా క్రోమియం ఆ గోడను దాటలేదు. ద్రావకం విషయంలో మాత్రం ఫలితం అంత శుభ్రంగా లేదు.