చేతులు మారిన రాళ్లు

పొద్దెక్కకముందే ఎండ చురుక్కుమంటోంది. ఇది హవాయి పెద్ద దీవి వాయవ్య తీరం, కవాయిహయె. హవాయి అనగానే జలపాతాలు, పచ్చటి అడవులు తలపుకొస్తాయి. కొండల చాటున పడ్డ ఈ వైపు మాత్రం వాన తక్కువ. ఎండుగడ్డి, ఎర్రమట్టి, అక్కడక్కడా కియావె ముళ్లచెట్లు. ఆకూ కాయా చూస్తే మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టమని ఇట్టే తెలిసిపోతుంది.

బాట మలుపు తిరిగితే తల పైకెత్తాల్సిందే. కొండ నెత్తిన పుఉ కొహొలా హెయావు, పాత హవాయి వారి దేవళం. గోపురం లేదు, కప్పు లేదు. సుమారు 224 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పున్న రాతి కట్టడం. ఒకప్పుడు దీనిమీద గడ్డి కప్పిన ఇళ్లు, కొయ్య విగ్రహాలు ఉండేవి. ఇప్పుడు రాయే మిగిలింది.

దిగువన నిలబడి గోడ వంక చూడండి. అన్నీ గుండ్రాళ్లే. సున్నం లేదు, అడుసు లేదు. రెండు పెద్ద గుండ్ల మధ్య సందులో పిడికిలంత రాయి ఒకటి బిగుసుకుని ఉంది. ఆ సందుకు సరిపోయే రాయి కోసం ఎవరో ఎన్ని రాళ్లు తిప్పి చూశారో!

1790లో దీవి దాయాదుల పోరులో చీలిపోయి ఉంది. యుద్ధదేవుడు కూ కోసం ఇక్కడ గుడి కడితే దీవులన్నీ నీవేనని కపోఉకాహి అనే పూజారి ఆ పోరులో ఉన్న రాజు కమేహమేహకు చెప్పాడు. 20 మైళ్లకు పైగా దూరంలోని పొలొలూ లోయ నుంచి జనం బారుగా నిలబడి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి రాళ్లు అందించారని హవాయి వారు చెప్పుకుంటారు. రాజు కూడా రాళ్లు మోశాడట.

ఇప్పుడు వెనక్కి తిరగండి. కింద నీలంగా మెరిసే ఆ అఖాతంలోకే 1791లో కమేహమేహ దాయాది కెఓవా పడవ వచ్చింది. గుడి ప్రతిష్ఠకు రమ్మని కబురందుకుని వచ్చినవాడు. ఒడ్డు చేరగానే చంపేశారు. అతని దేహాన్నే ఈ గద్దె మీద బలిగా అర్పించారు. 1810 నాటికి దీవులన్నీ కమేహమేహ ఏలుబడిలోకి వచ్చాయి. 1819లో ఆయన పోయాక, కొడుకు లిహోలిహో పాత ఆచార కట్టుబాట్లను రద్దు చేశాడు. గుళ్లలో పూజలు ఆగిపోయాయి.

గాలి విసురుకు మాట కూడా వినబడదు. పైకి, లోపలికి సందర్శకులను వెళ్లనివ్వరు. అడ్డు దగ్గరే ఆగిపోవాలి. అదే సబబు, ఇది నేటికీ హవాయి వారి పవిత్ర స్థలం. 2006 భూకంపంలో గోడలు దెబ్బతింటే, మళ్లీ పాత పద్ధతిలోనే, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి నిలబెట్టారు.

అంతకన్నా గొప్ప మరమ్మతు 1991లో జరిగింది. కట్టి రెండు వందల ఏళ్లు నిండిన వేళ కమేహమేహ వంశస్థులు, కెఓవా వంశస్థులు ఇక్కడే కలిసి సఖ్యత కుదుర్చుకున్నారు. అప్పటి నుంచి ఆగస్టులో ఇక్కడ వేడుక జరుపుతున్నారు. చంపినవారి బిడ్డలూ చనిపోయినవారి బిడ్డలూ ఒకే చోట నిలబడటానికి వాళ్లు వేరే తావు వెతుక్కోలేదు, నెత్తురు పడ్డ ఈ కొండకే వచ్చారు. పగ పుట్టిన చోటే దాన్ని చల్లార్చుకోవచ్చని ఈ గోడ కింద నిలబడితే నమ్మకం కలుగుతుంది.