రోడ్డు తారుకు ఏ ఊరి ఎండ లెక్క?

పల్నాడు జిల్లా రెంటచింతలలో మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ సమయంలో అక్కడి నల్లటి రోడ్డు ఉపరితలం 65 డిగ్రీల దాకా కాగుతుంది. లద్దాఖ్‌లోని ద్రాస్‌లో జనవరి రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 కంటే కిందికి పోతుంది. రెండు చోట్లా రోడ్డుకు వాడేది ముడి చమురు శుద్ధిలో అడుగున మిగిలే బిటుమెనే. (జనం నోట అది ఇంకా ‘తారు’గానే ఉంది గానీ, బొగ్గు నుంచి తీసే అసలు తారు రోడ్ల నుంచి ఎప్పుడో తప్పుకుంది.) వేడికి మెత్తబడి, చలికి పెళుసుబారే ఈ పదార్థాన్ని ఎక్కడ ఎంత గట్టిదిగా ఎంచుకోవాలో చెప్పడమే ప్రమాణాల పని.

2006 వరకు మన దేశంలో ఈ ఎంపిక సూదితో జరిగేది. 25 డిగ్రీల దగ్గర ఉంచిన బిటుమెన్‌లోకి 100 గ్రాముల బరువుతో సూదిని 5 సెకన్లు దిగనిచ్చి, ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన కొలిచేవారు. 60/70 గ్రేడు అంటే 6 నుంచి 7 మిల్లీమీటర్లు. చిక్కేమిటంటే, 25 డిగ్రీల దగ్గర ఒకేలా కనిపించిన రెండు సరుకులు 60 డిగ్రీల దగ్గర ఒకేలా ఉండాలని లేదు. చక్రాల కింద గాడులు పడేది ఆ వేడిలోనే. అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్-73ను సవరించి, 60 డిగ్రీల దగ్గరి చిక్కదనాన్ని కొలమానంగా తీసుకుంది. 2013 సవరణ ప్రకారం వీజీ-30 చిక్కదనం 2,400–3,600 పాయిజ్‌లు, వీజీ-40 చిక్కదనం 3,200–4,800 పాయిజ్‌లు. అంటే 3,400 పాయిజ్‌ల సరుకు, చిక్కదనం వరకు చూస్తే, రెండు పేర్లకూ సరిపోతుంది!

వాతావరణానికి ఈ ప్రమాణం ఇచ్చే చోటు ఒక్కటే: వరుసగా 7 రోజుల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత. అది 30 డిగ్రీల లోపైతే వీజీ-10, 38 వరకు వీజీ-20, 45 వరకు వీజీ-30, ఆపైన వీజీ-40. ఇది గాలి వేడి, రోడ్డు వేడి కాదు. చలి ఎంతో, లారీ బరువెంతో, బండి ఎంత నెమ్మదిగా కదులుతుందో ఈ పట్టికకు తెలియదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2018లో సవరించిన ఐఆర్‌సీ-37 కొంత సర్దుబాటు చేసింది. రద్దీ ఎక్కువున్న రహదారులకు వీజీ-40 లేదా పాలిమర్ కలిపిన బిటుమెన్, మంచు ప్రాంతాలకు మెత్తటి వీజీ-10 వాడాలంది.

అమెరికాలో 1987–1993 మధ్య జరిగిన పరిశోధన కార్యక్రమం ఇదే ప్రశ్నను మరోలా వేసింది. అక్కడ గ్రేడు పేరులోనే ఊరి వాతావరణం ఉంటుంది. పీజీ 64-22 అంటే రోడ్డు 64 డిగ్రీలకు కాగినా, మైనస్ 22కు చల్లబడినా తట్టుకోవాలి. ట్రాఫిక్ నెమ్మదిగా సాగే చోట ఒక మెట్టు, అంటే 6 డిగ్రీలు పెంచుతారు. టోల్‌ప్లాజాల దగ్గర, సిగ్నళ్ల దగ్గర, బస్సులాగే చోట రోడ్డు ముందుగా ఎందుకు ముడతలు పడుతుందో గమనించినవారికి ఇందులోని తర్కం వెంటనే అర్థమవుతుంది. రెండు అంకెల మధ్య దూరం 90 డిగ్రీలు మించితే మామూలు బిటుమెన్‌తో సాధారణంగా పని జరగదు, పాలిమర్ లాంటిదేదో కలపాలి. మన దగ్గర 2019లో ఐఎస్-15462 ఈ తరహా పేర్లను తీసుకుంది గానీ, పాలిమర్ కలిపిన బిటుమెన్‌కే. ఎక్కువగా వాడే మామూలు బిటుమెన్ ఇంకా వీజీ పట్టికలోనే ఉంది.

ఎండ ఎక్కువ కాబట్టి అన్నిచోట్లా గట్టి తారు వేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. నల్లరేగడి మీద పలుచటి పొరగా వేసే పల్లె రోడ్డు, కింది నేల ఉబ్బి కుంగినప్పుడల్లా దానితోపాటు వంగగలగాలి. అక్కడ గట్టి బిటుమెన్ గాడులను ఆపినా నెర్రెలను తెస్తుంది. నెర్రెలోంచి దిగిన నీరు ఒక్క వానాకాలంలో గుంత చేస్తుంది. హైవే మీద కథ వేరు. 2018లో కేంద్రం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌పై అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగింది 13 శాతమే. నష్టం బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందన్న పాత లెక్క వేస్తే అది దాదాపు 60 శాతం అదనం. ఓవర్‌లోడ్ సంగతి ఈ లెక్కలో లేదు.

బిటుమెన్ సరిగ్గా కుదిరినా మిశ్రమం తేడా కొడితే ఫలితం ఉండదు. ఇక్కడ ఇంకా మార్షల్ పద్ధతే రాజ్యం: అచ్చులో పోసిన వేడి మిశ్రమాన్ని రెండు వైపులా 75 చొప్పున సుత్తి దెబ్బలు కొట్టి, అందులో మిగిలిన గాలి ఖాళీలు 3–5 శాతం ఉన్నాయా అని చూస్తారు. లారీలు తొక్కీ తొక్కీ ఖాళీలు 3 శాతం లోపుకు పడితే మండుటెండలో బిటుమెన్ పైకి ఉబికి రోడ్డు జారిపోతుంది. రోలర్ సరిగా నడపక 8 శాతం మిగిలితే నీరు, గాలి లోపలికి దూరతాయి.

రాయి కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో ఎక్కువ జిల్లాల్లో కంకర గ్రానైట్ నుంచి వస్తుంది, వికారాబాద్ వైపు బసాల్ట్ దొరుకుతుంది. గ్రానైట్ గట్టిదే, కానీ సిలికా ఎక్కువ ఉన్న రాయికి బిటుమెన్ కంటే నీరే బాగా అంటుకుంటుంది. ముసురు పట్టిన వారంలో కంకర నుంచి బిటుమెన్ పొర ఊడిపోవడం ఇలాగే మొదలవుతుంది. దీనికి చౌకైన మందు మిశ్రమంలో 1–2 శాతం తడిపిన సున్నం. నీటిలో నానిన దిమ్మెల బలం పొడి దిమ్మెల బలంలో కనీసం 80 శాతం ఉండాలని కేంద్ర రహదారుల శాఖ నిబంధన. ఆ పరీక్ష ఫలితం విలువ, దిమ్మెలు ఏ క్వారీ కంకరతో చేశారన్న దానిపైనే ఆధారపడుతుంది. పని మధ్యలో క్వారీ మారితే పరీక్ష మళ్లీ చేయాల్సిందే.