అఖీల్ అమ్మిన ఇల్లు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! తండ్రి జనాజా నమాజులో భుజం కలిపి నిలిచిన అన్నదమ్ములే, ఏడాది తిరగకముందే ఇంటి కాగితాలు పట్టుకొని మా వద్దకు వస్తూ ఉంటారు. ఒకరు వచ్చిన వేళకు మరొకరు రారు. అక్కచెల్లెళ్ళు అసలే రారు. వారి వాటా ఎంతని అడిగేవారూ అరుదు. అందుచేత నేడు ఒక ఇంటి చరిత్రను జ్ఞాపకం చేసుకుందాం.

అది మక్కాలోని అబూ తాలిబ్ ఇల్లు. తాతగారి మరణానంతరం, ఎనిమిదేళ్ళ ప్రాయంలో దైవప్రవక్త (స) ఆయన సంరక్షణలోకి వచ్చి అక్కడే పెరిగారు. అబూ తాలిబ్‌కు తాలిబ్, అఖీల్, జాఫర్, అలీ అనే నలుగురు కుమారులు. హిజ్రత్‌కు సుమారు 3 సంవత్సరాల ముందు ఆయన మరణించగా, ఆస్తి తాలిబ్, అఖీల్‌లకే దక్కింది. ఇస్లాం స్వీకరించిన జాఫర్, అలీ (రజి)లకు దక్కలేదు. తరువాత అఖీల్ దానిని అమ్మివేశారు.

హిజ్రీ 8 (క్రీ.శ. 630)లో మక్కా విజయం లభించింది. తమ ఇంటనే బస చేస్తారా అని హజ్రత్ ఉసామా (రజి) అడిగినప్పుడు, అఖీల్ మనకు ఇల్లేమైనా మిగిల్చారా అని దైవప్రవక్త (స) బదులు పలికారు. నగరమంతా తమ అధీనంలో ఉన్నా ఆ ఇంటిని తిరిగి తీసుకొనక, గుడారంలో బస చేశారు. ఆనాడు ఆయన ఎనిమిది రకాతుల నమాజు చేసినది అబూ తాలిబ్ కుమార్తె ఉమ్మె హానీ (రజి) ఇంట. పుట్టిల్లు అన్యుల పాలైనా ఆడపడుచు ఇంటి తలుపు తెరిచే ఉన్నది.

ఇది విని, 'ప్రవక్తయే వదులుకున్నారు, మా చెల్లెలు వదులుకుంటే నేమి?' అని తలచరాదు. వదులుకొనే అధికారం హక్కుదారునిది. వదులుకొమ్మని ఒత్తిడి చేసే అధికారం ఆస్తిని పట్టుకొని కూర్చున్నవానికి లేదు.

ఉహుద్ యుద్ధంలో (హిజ్రీ 3) హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులైనారు. ఆయన సోదరుడు ఆస్తినంతా తీసుకొనగా, భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని ప్రవక్త (స) సన్నిధికి వచ్చి మొరపెట్టుకున్నారు. అప్పుడు వారసత్వ ఆయత్ అవతరించింది. ఆస్తిని 24 భాగాలుగా లెక్కిస్తే కుమార్తెలకు 16, భార్యకు 3, మిగిలిన 5 మాత్రమే సోదరునికి చేరాయి.

మన దేశంలో 1937 నాటి షరీఅత్ చట్టం వారసత్వ విషయంలో ఆచారానికి బదులు షరీఅత్‌ను నిలిపింది. అయినా 'పెళ్ళి చేశాము, కట్నం ఇచ్చాము, ఇక వాటా ఏమిటి?' అనే మాట మన ఇళ్ళలో పోలేదు. పెళ్ళిలో ఇచ్చినది వారసత్వపు వాటా కాదు. తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మాత్రమే వారసులైతే, అప్పులు, వసీయత్ తీరిన పిదప ఇంటి విలువలో 40 భాగాలకు తల్లికి 5, కుమారులకు చెరి 14, కుమార్తెకు 7. ఇంటిని పంచలేకపోతే వెలకట్టి, ఉంచుకొనేవారు ఇతరుల వాటా సొమ్ము చెల్లించాలి. తన వాటా ఎంతో తెలియని చెల్లెలు చేసిన సంతకం మనఃపూర్వక సమ్మతి కాదు.

పాత వారసత్వం గూర్చి, సాక్ష్యం లేకుండా తగవులాడుతూ ఇద్దరు ప్రవక్త (స) వద్దకు వచ్చిన ఉదంతాన్ని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. మాటకారితనంతో తన సోదరుని హక్కును పొందినవాడు నిప్పు ముక్కను పొందినట్లేనని ఆయన హెచ్చరించగా, ఇద్దరూ ఏడ్చి, నా హక్కు నీదేనంటే నీదేనన్నారు. అప్పుడైనా ఆయన లెక్కను విడువలేదు: న్యాయంగా పంచుకొని, చీటీలు వేసుకొని, ఆపై ఒకరినొకరు క్షమించుకొమ్మన్నారు. ముందు లెక్క, తరువాత క్షమాపణ. మనం ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నాము.

అల్లాహ్! మా ఇళ్ళను నిప్పు ముక్కలు కానీయకు. అక్కచెల్లెళ్ళ హక్కు వారి చేతికి అందించే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. ఆమీన్.