కోర్నాస్ కొండమీద మిరియాల ఘాటు

సెప్టెంబరు ఉదయం. ఫ్రాన్స్‌లో రోన్ నదికి పడమటి ఒడ్డున, కోర్నాస్ ఊరి వెనక కొండ. ఒక కాలు ఎగువన, ఒక కాలు దిగువన ఆనించి నిలబడితే తప్ప నిలవలేరు. ట్రాక్టరు ఈ వాలు ఎక్కలేదు. సిమెంటు లేకుండా రాయిమీద రాయి పేర్చిన గోడలే మట్టిని పట్టి ఆపుతున్నాయి. ఒక్కో మెట్టుమీద కొన్ని వరసల ద్రాక్ష మొక్కలు, మొక్కకో ఊతకర్ర. కాళ్లకింద మట్టి అనడానికి లేదు, పొడిపొడిగా రాలిన గ్రానైటే. వానకు జారిపోయిన ఆ రాతిపొడిని మనుషులే మళ్లీ పైకి మోస్తారు.

ఎత్తుకు వచ్చాం కనుక గాలి చల్లగా ఉంది. ఒక పండు తెంపి నోట్లో వేసుకోండి. చిన్నది, నల్లనిది, సిరా అనే రకం. 1938లో కోర్నాస్ పేరుకు చట్టరక్షణ వచ్చింది. ఆ పేరుతో అమ్మే వైనులో ఈ ఒక్క ద్రాక్షే ఉండాలి. మొదట తీపి, వెంటనే తొక్క వగరు. గింజను కొరకండి. పటుక్కున విరిగితే కోతకు వచ్చినట్టు.

మిరియాల ఘాటు కూడా ఆ తొక్కలోనే ఉంది. దానికి కారణమైన పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు: రోటండోన్. మన మిరియాలకు ఆ వాసన ఇచ్చేదీ అదే. లీటరు రెడ్‌వైనులో 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కు పసిగడుతుంది. అయినా వాళ్ల పరీక్షలో దాదాపు ఐదోవంతు మందికి ఎంత మోతాదు కలిపినా ఆ వాసన తెలియలేదు! ఎండ నేరుగా తగిలే గుత్తుల్లో ఇది తగ్గుతుంది. అందుకే ఇక్కడ గుత్తులపై ఆకులను అలాగే ఉంచారు.

కత్తెరలు ఆడుతున్నాయి, బుట్టలు దిగుతున్నాయి. కింద గదిలో గుత్తులను కాడలతో సహా తొట్టిలో పోస్తున్నారు. పచ్చికాడ వైనుకు కసరు వాసన తెస్తుంది; ఇవి ముదిరి గోధుమరంగు తిరిగాయి, భయం లేదు. కొన్నాళ్లుగా పులుస్తున్న పక్క తొట్టిలో తొక్కలు పైకి తేలి దట్టంగా గడ్డకట్టాయి. ఒకతను అందులో దిగి కాళ్లతో తొక్కుతున్నాడు. తొడలదాకా వెచ్చని ఊదారంగు నురగ. బొగ్గుపులుసు వాయువు ఊపిరి తీస్తుంది కాబట్టి తలుపులు బార్లా తెరిచారు. గట్టుమీద ఇంకొకరు అతని మీంచి చూపు తిప్పడం లేదు. పాదాల ఒత్తిడికి తొక్క రంగును, వగరును వదులుతుంది, గింజ మాత్రం చితకదు. యంత్రానికి ఇంత నేర్పు ఉందంటే నేను నమ్మను.

తరువాత పీపాలు. పచ్చి ఆపిల్‌లోని పదునైన పులుపును బాక్టీరియా పెరుగులోని మెత్తని పులుపుగా మార్చేది వీటిలోనే. కొత్త ఓకు పీపా వెనిల్లా వాసన పూసి ఈ ఘాటును కప్పేస్తుంది. ఈ తోట యజమాని పాతవే వాడుతున్నాడు, నా ఓటూ వాటికే.

నిరుటి వైను ఉన్న పీపాలోంచి గాజుగొట్టంతో తీసి గ్లాసులో పోశాడు. ముందు నల్ల ఆలివ్, పొగబెట్టిన మాంసం, ఆపైన గొంతు దగ్గర మిరియం. తీపి జాడే లేదు. మిరియాలు దంచి వేసిన వేటమాంసం పక్కన ఉంటే బాగుండునని నాలుక అడుగుతోంది. కానీ వగరు ఇంకా చిగుళ్లను పట్టేస్తోంది. యజమాని తల అడ్డంగా ఊపి పీపాకు బిరడా కొట్టాడు: వచ్చే వేసవి దాటాకే సీసాల్లోకి.